బేసిక్ ఎంత?

మస్కట్‌లో సెలవురోజు సాయంత్రం రువీ వైపో హమ్రియా వైపో వెళ్తే తెలుగు చెవిన పడుతూనే ఉంటుంది. ఒకరిది కోనసీమ యాస, ఒకరిది కడప, ఇంకొకరిది జగిత్యాల. కొత్తగా దిగినవాణ్ని అందరూ ముందు అడిగేది "జీతమెంత?" అని. "నూట నలభై రియాళ్లు" అంటాడు. సరేనని తలూపి ఊరుకుంటారు. అసలు అడగాల్సిన రెండో మాట అక్కడే మిగిలిపోతుంది: అందులో బేసిక్ (మూల వేతనం) ఎంత?

ఒమన్‌లో ఓటీ (ఓవర్‌టైమ్) లెక్క బేసిక్ మీదే. పని మానేసి వెళ్లేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే. భోజనం, రూము, రవాణా అలవెన్సులు లావుగా చూపించి బేసిక్‌ను బక్కచిక్కించడం కొన్ని కంపెనీలకు బాగా అలవాటైన విద్య.

ఒకే రూములో ఇద్దరున్నారనుకోండి. ఇద్దరికీ చేతికొచ్చేది 140 రియాళ్లే. ఒకరికి బేసిక్ 80, రెండోవారికి 120. నెలకు 30 రోజులు, రోజుకు 8 గంటలని భాగిస్తే మొదటివారి గంట విలువ 333 బైసాలు, రెండోవారిది 500. పగటి ఓటీకి పాతిక శాతం కలపాలి. నెలకు 44 గంటల ఓటీ చేస్తే మొదటివారికి 18 రియాళ్ల చిల్లర, రెండోవారికి 27న్నర వస్తాయి. ఐదేళ్లలో ఆ తేడా 550 రియాళ్లు. గ్రాట్యుటీలో మరో 200. రియాల్ రెండు వందల రూపాయల పైమాటే కాబట్టి, ఒకే చెమటకు లక్షన్నర తేడా!

2023 జులైలో వచ్చిన 53/2023 కార్మిక చట్టం మనవాళ్లలో చాలామందికి ఇంకా చేరలేదు. పాత చట్టంలో గ్రాట్యుటీ మొదటి మూడేళ్లకు ఏడాదికి 15 రోజుల బేసిక్కే. కొత్త చట్టంలో ప్రతి ఏడాదికీ నెల బేసిక్. అదీ చివర్లో అందుకున్న బేసిక్ మీద కడతారు. అంటే ఆఖరి సంవత్సరంలో పెరిగిన పది రియాళ్లు వెనకటి ఏళ్లను కూడా పెంచుతాయి. పని గంటలు రోజుకు 8, వారానికి 40. అంతకు మించి చేసింది ఓటీ. పగలైతే 25 శాతం, రాత్రయితే 50 శాతం అదనం. వారపు సెలవునాడు పిలిస్తే రెట్టింపు జీతం, లేదా బదులు సెలవు. ఓటీ కలిపినా రోజుకు 12 గంటలు దాటకూడదు. మీ గంటలు మీరే ఒక చిన్న పుస్తకంలో తేదీలవారీగా రాసుకోండి. టైమ్‌కీపర్ రాసుకునేది కంపెనీ లెక్క. పేస్లిప్‌ను, బ్యాంకులో పడిన జీతాన్ని మీ పుస్తకంతో నెలనెలా సరిచూడండి. తేడా వస్తే కార్మిక మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు చేయొచ్చు. కోర్టుదాకా వెళ్లినా కార్మికుడికి ఫీజు ఉండదు.

పెంపు అడిగేటప్పుడు "జీతం పెంచండి సార్" అనకండి. "పెంచే ఇరవై రియాళ్లు బేసిక్‌లో కలపండి" అనండి. ఎప్పుడన్నది ఇంకా ముఖ్యం. రెండేళ్ల కాంట్రాక్టు ముగిసి, రెన్యువల్ కాగితం బల్ల మీదకు వచ్చినప్పుడే మీ మాటకు బరువు. ఒకప్పుడు కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) లేకుండా మానేస్తే రెండేళ్లు ఒమన్ ముఖం చూసే వీలుండేది కాదు. 2021 జనవరి 1 నుంచి ఆ ముడి విప్పారు. కాంట్రాక్టు పూర్తిచేసినవారు ఎన్‌ఓసీ లేకుండానే వేరే కంపెనీకి మారొచ్చు. ఆ సంగతి మేనేజరుకు తెలుసు. మీకూ తెలుసని ఆయనకు తెలియాలి.

బేసిక్ బేరం నిజానికి ఊళ్లోనే మొదలవుతుంది. 2020 సెప్టెంబరులో కేంద్రం ఒమన్ సహా కొన్ని గల్ఫ్ దేశాలకు మన కార్మికుల కనీస జీతాన్ని 200 డాలర్లకు, అంటే దాదాపు 77 రియాళ్లకు, దించింది. తెలంగాణ హైకోర్టులో పిల్ పడింది; 2021లో ఆ ఉత్తర్వు వెనక్కి పోయింది. కేంద్రం వలస పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో పెట్టిన కాంట్రాక్టు కాపీ ఫోనులో దాచుకోండి. అక్కడ దిగాక అరబీ కాగితం మీద సంతకం పెట్టమంటే, చదవగలిగినవాళ్ల చేత బేసిక్ అంకె చదివించుకున్నాకే కలం పట్టండి.

ఇక హెల్పర్‌గానే ఉండిపోతే ఏ చట్టమూ జీతాన్ని పెద్దగా పెంచలేదు. డ్రైవింగ్ లైసెన్సు, వెల్డర్‌కైతే 6జీ టెస్టు, చమురు క్షేత్రాల వైపు వెళ్లేవారికి హెచ్‌2ఎస్, డిఫెన్సివ్ డ్రైవింగ్ సర్టిఫికెట్లు, ఇవి నేరుగా డబ్బులయ్యే కాగితాలు. నేర్చుకున్నది చేతిలో ఉంటే చాలదు, వీసాలో హోదా కూడా మారాలని పట్టుబట్టండి. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఎండలో పని నిషేధం కదా, ఆ మూడు గంటల్లో ఫోన్ చూసే బదులు నాలుగు అరబీ మాటలు నేర్చుకున్నవాళ్లు ఫోర్‌మన్ దృష్టిలో పడతారు.

ఆజాద్ వీసా మీద బయట పనులు చేసుకుంటే రెండింతలు వస్తుందనే మాట నమ్మకండి. స్పాన్సర్ ఒకరు, పని ఇంకొకరి దగ్గర అయితే పట్టుబడిన రోజున జరిమానా, ఇంటికి పంపడం రెండూ ఉంటాయి. అప్పటిదాకా ఆ స్పాన్సర్‌కు (కఫీల్‌కు) నెలనెలా కట్టింది ఏ లెక్కలోకీ రాదు.

పంపిన డబ్బు ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో ఏడాది ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే వడ్డీకి ఇండియాలో ఆదాయపు పన్ను లేదు. ఊళ్లో పాత సేవింగ్స్ ఖాతాలోకే పంపుకుంటున్నవాళ్లు ఈ ఒక్క పని ఈ సెలవుల్లో చేసుకోండి.

ఇంటి పనికి వెళ్లిన ఆడవాళ్ల సంగతి వేరు. పై కార్మిక చట్టం వాళ్లకు వర్తించదు, వాళ్లకు విడిగా నిబంధనలున్నాయి. కాబట్టి పైన చెప్పిన ఓటీ లెక్క వాళ్లకు పనికిరాదు. వాళ్లు ముందు చూసుకోవాల్సింది కాంట్రాక్టులోని జీతం అంకె. వంట కుదిరి, పిల్లలు మరిగి, అరబీ వచ్చిన మనిషిని వదులుకోవడం ఏ ఇంటికైనా కష్టమే. రెండేళ్లయి సంచి సర్దుకుంటున్నప్పుడు మేడమ్ "మళ్లీ వస్తావా?" అని అడుగుతుంది. కొత్త జీతం అంకె ఆ వంటింట్లోనే తేల్చుకుని, కాగితం మీద రాయించుకుని విమానం ఎక్కాలి. ఊరు చేరాక ఫోనులో అడిగితే మధ్యలోకి ఏజెంటు వస్తాడు.