సాల్మన్ పిల్లల సముద్రయాత్ర

గోదావరికి వరదనీరు వచ్చునప్పుడు సముద్రమునుండి నదిలోని కెదురెక్కు పులసచేపను మన విద్యార్థు లెరుగుదురు. ఉత్తర అమెరికా పశ్చిమభాగమున కొలంబియా నదియందును, దాని ఉపనదియగు స్నేక్ నదియందును సాల్మన్ అను చేప యిట్టి ప్రయాణమే చేయును. అది మంచినీటి యేళ్లలో గులకరాళ్ల నడుమ గ్రుడ్లు పెట్టును. పిల్లలు కొంతకాల మచ్చట పెరిగి, ప్రవాహము వెంట సముద్రమునకు పోవును. కొన్ని యేండ్లకు పెద్దవై, పుట్టిన యేటికే మరలివచ్చి, గ్రుడ్లు పెట్టి మరణించును. వ్రేలెడు పిల్ల సముద్రమునకు చేరుటలో గల కష్టమును మనమిప్పుడు విచారింతము.

పూర్వ మీ నదులు వేగముగా పారెడివి. వసంతమున మంచు కరగి వచ్చు వరద పిల్లలను శీఘ్రముగా కడలికి చేర్చెడిది. 1938లో కొలంబియాపై బానవిల్ ఆనకట్ట పనిచేయ నారంభించెను. 1975లో స్నేక్ నదిపై లోయర్ గ్రానైట్ ఆనకట్ట పూర్తియగునప్పటికి, దాని ఎగువనుండి వచ్చు పిల్ల దాటవలసిన ఆనకట్టలు ఎనిమిదయ్యెను. వీనివలన విద్యుచ్ఛక్తియు, పడవల రాకపోకలును కలిగినవి. కాని ప్రతి ఆనకట్ట వెనుకను నీరు నిలిచి జలాశయమాయెను, ప్రవాహము మందగించెను, పిల్లల ప్రయాణమునకు ఎక్కువ దినములు పట్టసాగెను.

ఈ నిలువనీటిలో వేరుప్రాంతపు చేపలు స్థిరపడినవి. స్మాల్‌మౌత్ బాస్, వాలై అనునవి ఆ ఖండపు తూర్పు, మధ్యభాగములకు చెందినవి. గాలపువేట వినోదమునకై బాస్ చేపను మనుష్యులే పశ్చిమమునకు తెచ్చిరి. చేపల దేహోష్ణము నీటి నను సరించి మారును. నీరు వెచ్చనైనకొలది వాని జీర్ణశక్తి హెచ్చి, అవి అధికముగా తినును. బాస్ చేప రాతిగట్ల చెంత నుండును. శరత్కాలమున తల్లులు పెట్టిన గ్రుడ్లనుండి పుట్టిన చినూక్ సాల్మన్ పిల్లలు, మిక్కిలి చిన్నవైయుండగనే, ఆ గట్ల వెంటనే మేయుచు వేసవిలో దిగువకు పోవును. అందుచేత వీనికి అపాయము మెండు.

అయినను దోషమంతయు పరదేశపు చేపలదే యనరాదు. 1983 మొదలు 1986 వరకు జాన్ డే జలాశయమున జరిగిన పరిశోధనలో, ఏటేట సుమారు 27 లక్షల పిల్లలు చేపల వాత పడుచున్నట్లు తేలెను. అందు నూటికి 78 వంతులు ఆ నదికి సహజమైన నార్దర్న్ పైక్‌మిన్నో తిన్నవి. వాలై 13, బాస్ 9 వంతులు మాత్రమే. స్థానికచేపకు ఇంత బలమెట్లు వచ్చెను? ఆనకట్ట యంత్రములగుండ దిగి దిమ్మెరపోయిన పిల్లలు దానికి సులభమైన యాహారమగును. కావున తినువాడెవడైనను, అవకాశమిచ్చినది మారిన నదియే.

ఇది కేవలము చేపల కథ కాదు. 1855లో యాకమా, నెజ్ పెర్స్, యుమాటిల్లా, వార్మ్ స్ప్రింగ్స్ జాతులవారు ఒడంబడికలలో తమ భూములను చాలవరకు వదలుకొనియు, చేపలు పట్టు హక్కును నిలుపుకొనిరి. చేపలే లేనిచో ఆ హక్కు వ్రాతగానే మిగులును. 1991లో స్నేక్ నది సాకై సాల్మన్ నశించనున్న జాతులలో చేర్చబడెను.

నివారణకై పైక్‌మిన్నోను పట్టినవారికి 1990 దశకమునుండి బహుమానధనమిచ్చిరి. 2016లో ఓరెగాన్ రాష్ట్రమువారు కొలంబియాలో బాస్, వాలై చేపలను ఎన్నింటినైనను పట్టవచ్చునని యనుమతించిరి. పిల్లలు యంత్రములలో పడకుండ ఆనకట్ట మీదుగా నీటిని వదలుటయు నొక యుపాయము.

గాలము కొంత మేలు చేయును. కాని నీరు చల్లగా, వేగముగా పారునట్లు చేయనిదే ఆ మేలు నిలువదు. విద్యార్థులారా, ఒక చెరువులో క్రొత్తచేపను విడుచుటకు ముందు అది యేమి తినునో, ఆ నీరు దానికెంత యనుకూలమో అడిగి తెలిసికొనుడు. విడిచినదానిని మరల యేరివేయుట మిక్కిలి కష్టము.