అనుమానం వస్తే బకెట్లోకే

కొన్ని సెంట్లు మాత్రమే చేసే వస్తువును పారేయడానికి మనసొప్పక, వేలకు వేల రూపాయల పిస్టల్‌నూ దాన్ని పట్టుకున్న వేళ్లనూ పణంగా పెట్టేవాళ్లుంటారు. అమెరికాలో రీలోడింగ్ చేసే గ్యారేజీల్లో ఈ ఘర్షణ రోజూ జరుగుతుంది. రేంజ్‌లో కాల్చాక కిందపడ్డ ఇత్తడి షెల్స్ ఏరుకొస్తారు. కడుగుతారు. ప్రెస్ మీద మళ్లీ కొలతకు తెచ్చి కొత్త ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత), మందు, గుండు పెడతారు. సొంత వాడకానికైతే అక్కడి ఫెడరల్ చట్టం లైసెన్సు అడగదు. మన దేశంలో మాత్రం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. వర్క్ వీసా మీద అమెరికా వెళ్లినవాళ్లకూ, వేట లైసెన్సు వంటి మినహాయింపు ఏదో ఒకటి లేకపోతే, తుపాకీగానీ తూటాగానీ దగ్గర పెట్టుకోవడం కుదరదు. గ్రీన్‌కార్డో పౌరసత్వమో వచ్చాక ఈ సరదాలో దిగినవాళ్లకు కింది మాటలు నేరుగా పనికొస్తాయి. మిగతావాళ్లు తమ బల్లకు అన్వయించుకోవచ్చు.

ముందు రేంజ్‌లో ఏరుకొచ్చిన ఆ షెల్స్‌లో ఏముంటుందో చూడండి. అన్నీ 9 ఎంఎం షెల్సే అనుకుంటారు. వాటి మధ్య చూడ్డానికి అచ్చం అలాగే ఉండే .380 నక్కి ఉంటుంది, పొడవు 19 మిల్లీమీటర్లకు బదులు 17. .40 షెల్ కడుపులో 9 ఎంఎం షెల్ ఇరుక్కుని ఉంటుంది. .45లో ప్రైమర్ గుంట కొన్నిటికి పెద్దది, కొన్నిటికి చిన్నది. సైన్యం వాడిన షెల్స్‌కు ప్రైమర్ చుట్టూ అంచు నొక్కి ఉంటుంది, దాన్ని సరిచేయనిదే కొత్తది దిగదు. బర్డన్ రకం షెల్ అడుగున నడిమధ్య ఒక చిల్లికి బదులు పక్కపక్కన రెండుంటాయి, పాత ప్రైమర్‌ను తోసే పిన్ను అక్కడే విరుగుతుంది. విచిత్రమేమిటంటే హైరమ్ బర్డన్ అమెరికావాడు, ఆయన పద్ధతి యూరప్‌లో పాతుకుపోయింది. ఎడ్వర్డ్ బాక్సర్ ఇంగ్లండువాడు, ఆయన పద్ధతిని అమెరికా నెత్తిన పెట్టుకుంది.

వీటిని వేరుచేయడం ఓపికుంటే చాలు, తెలివి అక్కర్లేదు. కష్టమంతా అంచుమీద ఉన్న షెల్‌తోనే. పగులా, గీతా? కొంచెం వదులా, బాగానే ఉందా? సరిగ్గా అప్పుడే మనలోని పొదుపరి గొంతు సవరించుకుంటాడు: ‘ఇంకొక్కసారికి వస్తుందిలే.’ అన్నం మెతుకు కింద పడితే కళ్లకద్దుకుని తీసే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఆ గొంతు మరీ పెద్దగా వినిపిస్తుంది. ఆ గొంతుతో వాదించకండి, గెలవలేరు. బల్ల దగ్గర కూర్చోకముందే, చేతిలో ఏ షెల్లూ లేనప్పుడే, నియమం రాసి గోడకు అంటించండి: మూతి చీలితే తుక్కు బకెట్. ప్రైమర్ ఏ అడ్డూ లేకుండా జారి కూర్చుంటే బకెట్. అడుగున ఉబ్బితే బకెట్. లోపల గోడకు మెట్టులా అంచున్న రకమైతే బకెట్. 9 ఎంఎం తూటాకు అనుమతించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 35 వేల పౌండ్లు, అంటే కారు టైరులో ఉండేదానికి దాదాపు వెయ్యి రెట్లు. అంత ఒత్తిడి దగ్గర ‘వస్తుందిలే’ అనే మాటకు చోటు లేదు.

ఉద్యోగంలోనూ, చదువులోనూ ఇదే కిటుకు. ఆర్నెల్లుగా కదలని ఆన్‌లైన్ కోర్సును ఎప్పుడు వదిలేయాలో దాని ఫీజు కట్టే రోజే రాసుకోవాలి. సగంలో ఉన్నప్పుడు అడిగితే మనసు ఎప్పుడూ ‘ఇంకొక వారం’ అనే అంటుంది. మనుషుల విషయంలో మాత్రం ఈ బకెట్ సూత్రం వాడకండి. మనుషులు షెల్స్ కారు, అలా సలహా ఇచ్చే పుస్తకాలంటే నాకు పడదు.

కంటిని పూర్తిగా నమ్మొద్దు. గుప్పెడు షెల్స్ దోసిట్లో పోసి ఆడించండి. మంచివి గలగలమంటాయి. పగిలినది ఒక్కటున్నా ఆ గలగలలో బొంగురు గొంతు తెలిసిపోతుంది. దాన్ని వెతికి తీసి వెలుతురులో తిప్పితే, మూతి దగ్గర వెంట్రుకంత చీలిక.

మెరిసేదంతా గట్టిదనుకోవడం ఇంకో పొరపాటు. దీనికి మన గడ్డమీది సాక్ష్యమే ఉంది. బ్రిటిష్ సైన్యం భారతదేశంలో వానాకాలమంతా తూటాలను గుర్రపుశాలల్లో దాచేది. ఎండలొచ్చాక తీసి చూస్తే వాడనే వాడని షెల్స్ పగిలి ఉండేవి, ముఖ్యంగా గుండును పట్టి నొక్కిన చోట. కారణం 1921లోగానీ తేలలేదు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, తయారీలో ఇత్తడి లోపల మిగిలిపోయిన ఒత్తిడి, రెండూ కలిసి లోహాన్ని చీల్చాయి. అందుకే ఇవాళ్టికీ అమోనియా ఉన్న పాలిష్‌తో షెల్స్ తోమొద్దంటారు. తళతళలాడించినంత మాత్రాన బలహీనమైన షెల్ బలపడదు. రెజ్యూమెకు రంగులద్దేవాళ్లు కూడా కాస్త ఆలోచించాల్సిన సంగతి.

ఇక పట్టుదల. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలన్నీ దాన్ని ఆకాశానికెత్తుతాయి. ప్రెస్ దగ్గర అది శత్రువు. పిడి లాగుతుంటే రోజూ లేని బిగువు చేతికి తగిలిందా, అక్కడే ఆగండి. లోపల తప్పు షెల్ ఉందనో, ప్రైమర్ అడ్డంగా పడిందనో ఆ పిడి చెబుతోంది. బలం పెట్టి లాగితే షెల్ నలుగుతుంది, దాన్ని కొలతకు తెచ్చే డై చెడుతుంది, ప్రైమర్ పేలినా పేలొచ్చు.

అసలు ప్రమాదం ఆగిన తర్వాత మొదలవుతుంది. ఒకేసారి నాలుగైదు షెల్స్ తిరిగే ప్రోగ్రెసివ్ ప్రెస్ అయితే, చెడ్డ షెల్‌ను పీకి ఎక్కడ ఆపామో అక్కడినుంచే కొనసాగించాలనిపిస్తుంది. ఈలోపు ఏ షెల్లో మందు పడింది, ఏది ఖాళీ? పిస్టల్ మందు చాలా రకాల్లో షెల్‌ను సగం కూడా నింపదు కాబట్టి రెండుసార్లు పడినా పొంగి బయటికి రాదు. అసలు పడకపోతే ప్రైమర్ దెబ్బకే గుండు వెళ్లి గొట్టంలో ఇరుక్కుంటుంది. వెనకే ఇంకోటి కాల్చారా, గొట్టం ఉబ్బడమో పగలడమో ఖాయం. అనుభవజ్ఞులు అందుకే ప్రెస్‌లో తిరిగే పళ్లెం మీదున్న షెల్స్ అన్నీ తీసేసి, మందు వెనక్కి పోసి, మొదటినుంచి మొదలుపెడతారు. రెండు నిమిషాలు పోతాయి. పోనివ్వండి. ఫోన్ వచ్చి లేచినా, పిల్లలు పిలిచినా ఇదే పద్ధతి. ఇంటి లెక్కలు చూస్తూ మధ్యలో లేచి, వచ్చాక ‘ఇక్కడిదాకా అయింది కదా’ అని ఊహించుకుని కూడేవాళ్లు కూడా ఆ రెండు నిమిషాలు ఖర్చు పెట్టుకోవచ్చు.

తీసేసిన షెల్‌ను అలాగే వదలొద్దు. పట్టకారుతో మూతి నలిపి బకెట్లో వేయండి. నలపకపోతే ఎప్పుడో ఓ తీరిక ఆదివారం అది మళ్లీ మంచివాటిలో కలుస్తుంది. బకెట్ నిండాక పాత ఇత్తడి కొనేవాడు తూకానికి తీసుకుంటాడు, పొదుపరి మనసు కూడా కుదుటపడుతుంది. బల్ల దగ్గరనుంచి లేచాక ఏదీ తినకముందే, పిల్లల్ని ఎత్తుకోకముందే చేతులు సబ్బుతో రుద్ది కడుక్కోండి. కాలిన ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది.