ఇంటి దగ్గరే కారుకు రంగు

రాజోలు దగ్గర ఒక ఊరు. అక్కడ ఒకాయన పాత అంబాసిడర్ కారును టాక్సీగా నడుపుతున్నాడు. ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. ఉన్నదాన్నే కాపాడుకోవాలి. ఆ ఇంటికి కూడు పెట్టేది ఆ కారే.

సముద్రం దగ్గరే. గాలిలో ఉప్పు, తేమ ఉంటాయి. ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. కారు తలుపుల అడుగున రంగు పొక్కింది. షెడ్డువాళ్లు అడిగినంత డబ్బు ఆయన దగ్గర లేదు. బావమరిదిని పిలిచాడు. ఇంటి దగ్గరే వేద్దామనుకున్నారు.

"ఎంత పని బావా! పైన రెండు కోటింగులు కొట్టేద్దాం" అన్నాడు బావమరిది.

"తొందరపడకురా" అంటూ ఆయన ఒక పొక్కును స్క్రూడ్రైవరుతో గీరాడు. రంగు పెచ్చులూడింది. లోపల ఇనుము చిల్లు పడి ఉంది! పైన రంగు వేసినంత మాత్రాన తుప్పు చావదు. కనిపించకుండా తింటూనే ఉంటుంది.

చిల్లుకు రేకు అతికించడం టింకరింగ్ మేస్త్రీ పని. అది ఆయనకే వదిలేశారు. మిగతాది తామే మొదలుపెట్టారు.

ముందు కారు కడిగారు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కడిగినా లాభం లేదు. కుళాయి మంచినీళ్లు తెచ్చారు. తుప్పు ఉన్నచోట వాటర్ పేపరుతో తడిపి, ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దారు. తుడిచి, ఎండలో ఆరబెట్టి, అదే రోజు రెడాక్సైడ్ పూశారు. రాత్రంతా వదిలేస్తే ఉప్పుగాలికి మళ్లీ తుప్పు వస్తుంది. తర్వాత గుంటల్లో లప్పం పలచగా పెట్టి, ఆరాక మళ్లీ రుద్దారు. నిజానికి రంగు కొట్టడం చిన్న పనే. ఈ రుద్దుడే పెద్ద పని.

పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. సీసం విషం. పిల్లల మెదడుకు చేటు. పొడిగా రుద్దితే ఆ దుమ్ము లేస్తుంది. అందుకే తడిపి రుద్దాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. చేతులు కడుక్కున్నాకే అన్నం తినాలి.

మన మెకానిక్కులు కారు రంగును "డ్యూకో" అంటారు. అది అమెరికాలో 1923లో వచ్చిన ఒక రంగు పేరు. అంతకుముందు కారు రంగు ఆరడానికి రోజులు, వారాలు పట్టేది. ఇది గంటల్లో ఆరింది. ఇలా తొందరగా ఆరే రంగుకు తేమ పడదు. థిన్నర్ గబగబా ఆవిరైపోతే రేకు చల్లబడుతుంది. గాలిలోని తేమ దాని మీద చేరుతుంది. రంగు పాలలా తెల్లబడుతుంది. అందుకే వానాకాలంలో ఈ పని వద్దు. చలికాలంలోనైనా మంచు విడిచాకే.

గన్ను, కంప్రెసర్ అద్దెకు తెచ్చారు. రంగు కలపబోతుంటే ఆయన భార్య వచ్చింది.

"ఏవండీ, ఆ డబ్బా మీద మంట బొమ్మ ఉందేంటండీ? పక్కనే నా పొయ్యి వెలుగుతోంది!"

థిన్నర్ ఆవిరి కంటికి కనిపించదు. నేలబారుగా పాకుతుంది. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. వెంటనే డబ్బా మూత పెట్టారు, పొయ్యి ఆర్పారు. కారును ఇంటికి దూరంగా పెరట్లోకి నెట్టారు. ముక్కుకు గుడ్డ కడితే దుమ్ము కొంత ఆగుతుంది గానీ ఆవిరి ఆగదు. హార్డెనర్ కలిపే రెండు డబ్బాల రంగునైతే ఇంటి దగ్గర అసలు కొట్టకూడదు. దాని తుంపరలు పీలిస్తే ఉబ్బసం రావచ్చు.

"బావా, తెలుపు మానేసి ఎరుపు వేద్దామా?"

"ఆర్.సి.లో తెలుపు అని రాసి ఉందిరా. రంగు మారిస్తే రవాణా ఆఫీసు చుట్టూ తిరగాలి. ఎందుకొచ్చిన గొడవ!"

ముందు ఒక తలుపుకే వేసి చూశారు. నారింజ తొక్కలా గరుకుగా వచ్చింది. రుద్ది మళ్లీ వేశారు. ఈసారి నున్నగా వచ్చింది. సంక్రాంతి కిరాయిలు మొదలయ్యేలోగా మిగతా మూడు తలుపులూ అవ్వాలి.