ద్వారబంధము మీది వ్రాత

పాఠభాగములు: ద్వితీయోపదేశకాండము 6:4–9, లూకా 10:25–37, రోమా 11:16–24



గడచిన శ్రమకాలములో మా ఆదివారపు బడి పిల్లలు ప్రభువు శ్రమలనుగూర్చి ఒక చిన్న నాటకమాడిరి. యూదుల గుంపుగా నిలిచిన పిల్లలు కేకలు వేయగా, చూడవచ్చిన జనులు వారిని గేలిచేసి నవ్విరి. నాటకము ముగిసిన పిమ్మట ఆ గుంపులో నిలిచిన ఎనిమిదేండ్ల చిన్నది నాయొద్దకు వచ్చి, “అయ్యగారండీ, మరియమ్మ కూడా యూదురాలే గదా? మరి మమ్మల్నెందుకు ఎగతాళి చేశారు?” అని యడిగెను. ఆమెకు నేనప్పుడు జవాబు చెప్పలేకపోతిని. ఆ నాటకము వ్రాసి నేర్పినది నేనే. ఈ నెల పాఠమును ఆ చిన్నదానికి ఇయ్యవలసిన జవాబుగా వ్రాయుచున్నాను. ఇందుకు దూరదేశములోని ఒక పాత మందిరమును, దాని ప్రక్కనున్న ఒక పాత యింటిని మీకు చూపవలసియున్నది. నేను వాటిని కన్నులార చూచినవాడను కాను. చదివి తెలిసికొన్నదే చెప్పుచున్నాను.

1. అతిథుల ఊరు

పోలండు దేశపు దక్షిణభాగములో, క్రాకోవ్ నగరమునకు పడమట, సోలా అను నది ఒడ్డున ఒక చిన్న పట్టణము గలదు. పోలండువారు దానిని ఓష్వియెంచిమ్ అందురు. జర్మను భాషలో దాని పేరు ఆష్విట్జ్. ఈ రెండవ పేరు వినగానే లోకమునకు జ్ఞాపకము వచ్చునది మరణశిబిరమే. కాని ఆ యూరి యూదులు తమ యిద్దిష్ భాషలో దానిని ఓష్పిట్సిన్ అని పిలుచుకొనిరి. అతిథులు అని అర్థమిచ్చు “ఉష్పిజిన్” అను అరమేయ మాటకు ఆ పేరు దగ్గరగా వినబడును. పర్ణశాలల పండుగలో అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు మొదలగు పితరులను తమ పర్ణశాలలోనికి అతిథులుగా ఆహ్వానించుట యూదుల ఆచారము. ఆ పితరులకు చెల్లు మాటను తమ ఊరి పేరులో విని వారు సంతోషించుచుండిరి.

16వ శతాబ్దము నుండి యూదులు ఆ యూర కాపురముండిరి. 1939 నాటికి వారి సంఖ్య సుమారు 8,000. పట్టణములో సగముకంటె ఎక్కువమంది వారే. క్రైస్తవులును వారును ఒకే సంతలో కొనుచు, అమ్ముచు, ఒకే వీధులలో నడచుచు నుండిరి.

2. నేర్చువారి సహవాసము

ఆ యూర అనేక ప్రార్థనాస్థలము లుండెను. వాటిలో ఒకటి మొదటి ప్రపంచయుద్ధమునకు ముందటి దినములలో, 1913 ప్రాంతమున, కట్టబడినది. దాని పేరు హెవ్రా లోమ్దే మిష్నాయోత్. అనగా “మిష్నాను నేర్చుకొనువారి సహవాసము.” మిష్నా యనగా ధర్మశాస్త్రమునుగూర్చి తరతరములుగా గురువులు నోటిమాటగా చెప్పుచు వచ్చి, క్రీస్తు శకము 200 ప్రాంతమున కూర్చిన ఉపదేశముల సంపుటము.

ఆ పేరును గమనించుడి. ప్రార్థించువారి సహవాసమని గాక, నేర్చుకొనువారి సహవాసమని ఆ మందిరమునకు పేరు పెట్టుకొనిరి. యూదులకు నేర్చుకొనుట కూడ ఆరాధనయే. యిద్దిష్ భాషలో సమాజమందిరమునకు “షూల్” అను మాట వాడుదురు. అది బడి అను మాటయే. ఇట్టి సహవాసములలో కూడువారు పండితులు మాత్రమే కారు. దినమంతయు పనిపాటలు చేసికొన్న దర్జీలును, దుకాణదారులును, బండ్లవారును కలిసి కూర్చుండి గ్రంథము విప్పుట యూదుల పట్టణములలో వాడుక.

ఈ వాడుకకు మూలము మన మొదటి పాఠభాగములోనే యున్నది. దేవుని మాటలను ఇంటను, త్రోవను, పండుకొనునప్పుడును, లేచునప్పుడును పిల్లలకు నేర్పవలెనని మోషే ఆజ్ఞాపించెను. ఇంటి ద్వారబంధముల మీద వాటిని వ్రాయవలెననియు చెప్పెను. ఆ చివరి మాటను యూదులు అక్షరాల నెరవేర్చుదురు. ఆ వాక్యములను చర్మపత్రము మీద చేతితో వ్రాసి, చిన్న గొట్టములో పెట్టి, గుమ్మపు కుడిప్రక్కను బిగింతురు. దానికి మెజూజా అని పేరు.

3. ఇండ్లు ఖాళీ అయిన విధము

1939 సెప్టెంబరులో నాజీల సైన్యములు పోలండులో ప్రవేశించెను. ఆ సంవత్సరమే ఆ యూరి పెద్ద సమాజమందిరమును కాల్చివేసిరి. 1940లో ఊరి వెలుపల పాత సైనికుల బారకులలో శిబిరమును తెరచిరి. 1941లో ఊరి యూదులనందరిని వెళ్లగొట్టి, సమీపమునున్న ఇతర పట్టణములకు తరలించిరి. అక్కడ వారిని గెట్టోలలో బంధించిరి. పిమ్మట వారిలో అనేకులను రైళ్లలో ఎక్కించి ఏ యూరికి తెచ్చిరో తెలియునా? తమ సొంత ఊరికే. అయితే తమ యిండ్లకు కాదు, శిబిరమునకు.

ఆ శిబిరములో 1945 జనవరి వరకు చంపబడినవారు సుమారు 11 లక్షలమంది. వారిలో ఇంచుమించు 10 లక్షలమంది యూదులు. తక్కినవారు పోలండువారు, రోమాజాతివారు, సోవియటు సైనిక ఖైదీలు మొదలగువారు.

పోలండులోని అనేకమైన పాత యిండ్ల గుమ్మములకు కుడిప్రక్కను ఏటవాలుగా ఒక గుంట యిప్పటికిని కనబడును. మెజూజా ఉండిన చోటది. వ్రాతయు లేదు, దానిని చదివి పిల్లలకు చెప్పిన తండ్రియు లేడు. గుంట మాత్రమే మిగిలినది.

4. మిగిలిన మందిరము, మిగిలిన యిల్లు

నేర్చువారి మందిరమును నాజీలు మందుగుండు సామగ్రికి కొట్టుగా వాడుకొనిరి. అందువలననే అది కూల్చబడక నిలిచెను. యుద్ధము తరువాత బ్రదికి తిరిగివచ్చిన కొద్దిమంది దానిలో కొంతకాలము ప్రార్థించి, దేశము విడిచి వెళ్లిపోయిరి. తరువాతి కాలమున ప్రభుత్వము ఆ మందిరమును స్వాధీనము చేసికొనగా, అది తివాచీలు దాచు గిడ్డంగి ఆయెను.

యూదుల సమాజములకు చెందిన ఆస్తులను మరల వారికి అప్పగించుటకు పోలండులో 1997లో ఒక చట్టము వచ్చెను. దాని ప్రకారము 1998లో ఈ మందిరము యూదులకు తిరిగి ఇయ్యబడెను. దానిని బాగుచేసి, 2000 సంవత్సరములో ఆష్విట్జ్ యూదుల కేంద్రమను పేరుతో తెరచిరి.

మందిరము వెనుకనే క్లూగర్ అను కుటుంబపు ఇల్లున్నది. ఆ కుటుంబములోని కుమారుడొకడు శిబిరముల నుండి బ్రదికి బయటపడి, 1960లలో తన తలిదండ్రుల యింటికి తిరిగివచ్చి ఒంటరిగా నివసించెను. ఆ యూరి యూదులలో చివరివాడతడే. 2000 సంవత్సరము మే నెలలో అతడు చనిపోయెను. కొన్ని నెలలకే ప్రక్కనున్న మందిరము తెరువబడెను. అతని యిల్లు శిథిలము కాకుండ బాగుచేసి, దానిని కూడ కేంద్రములో భాగముగా చేసిరి. 2014 నుండి అందులో కాఫీ హోటలు నడచుచున్నది, కూటములును జరుగుచున్నవి. ఖాళీయైన యింట మరల మనుష్యుల మాటలు వినబడుచున్నవి.

2004లో కాలిపోయిన పెద్ద మందిరపు స్థలమును త్రవ్వి చూడగా, నేలలో పాతిపెట్టబడిన దీపస్తంభములును, దీపములును బయటపడెను. వాటిని కేంద్రములోని వస్తుప్రదర్శనశాలలో ఉంచిరి.

ఆ మందిరములో నిత్యము కూడు సంఘము లేదు. కూడుటకు ఊరిలో యూదులు లేరు. దూరమునుండి వచ్చు యూదులు అక్కడ ప్రార్థింతురు. తక్కిన దినములలో అది పేరునకు తగినట్లు నేర్చుకొనువారి స్థలమే. విద్యార్థులు, ఉపాధ్యాయులు, పోలీసు ఉద్యోగులు, సైనిక విద్యార్థులు అక్కడ కూర్చుండి, ఇరుగుపొరుగువారి మీద ద్వేషము ఎట్లు పెరుగునో, దానిని మొలకలోనే ఎట్లు గుర్తింపవలెనో నేర్చుకొందురు. శిబిరములో యూదులు ఎట్లు చచ్చిరో చూచినవారికి, వారు ఎట్లు బ్రదికిరో ఈ కేంద్రము చూపును.

5. మన లెక్క మనము చూచుకొందము

ఈ సంగతి మనకేల అని కొందరనవచ్చును. నాజీల సిద్ధాంతము క్రీస్తు బోధ కాదు, అది నిజమే. అయినను ఆ రైళ్లు నడిపినవారిలోను, కావలి కాసినవారిలోను అనేకులు బాప్తిస్మము పొందినవారు. యూదులు దేవుని చంపిన జాతియని శతాబ్దములపాటు ప్రసంగపీఠములనుండి చెప్పబడినది. మార్టిన్ లూథరుగారు 1543లో యూదులకు విరోధముగా ఒక పుస్తకము వ్రాసి, వారి సమాజమందిరములను కాల్చవలెననియు, వారి యిండ్లను కూల్చవలెననియు సలహా ఇచ్చెను. మన ఆంధ్రదేశమున ఆయన పేరు ధరించిన సంఘము లెన్నో యున్నవి. ఆయన విశ్వాస బోధకు మనము ఋణస్థులమే. ఆ పుస్తకము విషయములో మాత్రము తల వంచవలసినవారము. 1984లో బుడాపెస్టులో కూడిన ప్రపంచ లూథరన్ సమాఖ్య మహాసభలో లూథరను సంఘములు ఈ పాపమును ఒప్పుకొని మాటలాడెను. రోమను కథోలిక సంఘము 1965లోనే యూదజాతి అంతటిమీద ఆ నేరము మోపుట తగదని ప్రకటించెను.

అపొస్తలుడైన పౌలు ఈ సంగతి ముందుగానే హెచ్చరించియున్నాడు. అడవి ఒలీవకొమ్మవంటి అన్యజనులు మంచి ఒలీవచెట్టుకు అంటుకట్టబడిరనియు, కొమ్మ వేరును మోయుట లేదనియు అతడు బోధించెను. మన తోటలలో అంటుమామిడి చూచుచునే యున్నాము. అంటుకొమ్మ ఎంత తియ్యని కాయ కాచినను, వేరుమీద గొడ్డలి వేసినయెడల ఏమగునో ఏ రైతునైనను అడుగుడి. మన ప్రభువు యూదుడు. ఆయన తల్లి యూదురాలు. మనము పాడు కీర్తనలు వారి కీర్తనలు.

ఇంకొక మాట. హేళన అనునది ఎట్లు నేర్పబడునో మనకంటె ఎరిగినవారెవరు? ఊరికి వెలుపల పేటలలో ఉంచబడి, బావి దగ్గరకు రానియ్యబడక, వేరు గిన్నెలలో నీళ్లు త్రాగినవారు మనలో అనేకుల తాతలు. వారిని హీనపరచిన మాటలు మొదట పిల్లలకు ఇంటనే నేర్పబడినవి. ఆ బాధ నెరిగిన మనము మన పిల్లలకు ఇంకొక జనమును హేళన చేయుట నేర్పవచ్చునా?

6. మనము చేయదగినది

మొదట, వచ్చు సంవత్సరము మా నాటకమును మార్చి వ్రాసెదను. ప్రభువును నేరస్థునిగా తీర్చినవారు కొందరు అధికారులనియు, సిలువ వేయించినవాడు రోమా అధిపతియనియు, ఆయనకొరకు ఏడ్చిన స్త్రీలును యూదులేననియు పిల్లలకు చెప్పెదను. మీ సంఘములలోను ఆలాగే చూడుడి.

రెండవది, ఇంటిలో నేర్చుట మొదలుపెట్టుడి. పని ముగించుకొని వచ్చి, దీపము పెట్టిన తరువాత, పావుగంట గ్రంథము విప్పి పిల్లల ప్రశ్నలు వినుడి. ప్రశ్న అడిగిన బిడ్డను గద్దింపకుడి. నన్ను సరిచేసినది ఒక బిడ్డ ప్రశ్నయే.

మూడవది, మీ వీధిలో వేరు మతమువారి గడప ఒకటి ఉండును. ఆ యింటివారు ఉండగానే వారి పేర్లు, వారి పండుగలు, వారి కష్టములు తెలిసికొనుడి. పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి ప్రభువు ఇచ్చిన జవాబు మన రెండవ పాఠభాగములో నున్నది. ఇల్లు ఖాళీయైన తరువాత గుమ్మపు గుంటను చూచి ఏడ్చుటకంటె, మనుష్యుడుండగా గుమ్మము తట్టుట మేలు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో పిల్లలకు నేర్పుటకు ఏయే వేళలు చెప్పబడినవి? మీ యింట వాటిలో ఏది జరుగుచున్నది?
2. రోమా 11లో పౌలు అన్యజనులను దేనివిషయమై హెచ్చరించుచున్నాడు?
3. మన పాటలలో, నాటకములలో, సామెతలలో ఏ జనమునైనను హీనపరచు మాటలున్నవా? వాటిని ఎట్లు సవరింపవచ్చును?

ప్రార్థన: అబ్రాహాము దేవా, మేము తెలిసియు తెలియకయు పిల్లలకు నేర్పిన ద్వేషమును క్షమించుము. మా ద్వారబంధముల మీద నీ మాటయు, మా నోట పొరుగువానికి మేలైన మాటయు నిలుపుము. ఆమేన్.