పత్రసంగ్రహ రచన: విద్యార్థి పరిశోధన సదస్సులకు మార్గదర్శనం
(నస్పూరు గని పదజాలం నిదర్శనంగా)

పరిశోధన సదస్సులో పాల్గొనదలచిన విద్యార్థి మొదట పంపవలసినది పూర్తి పత్రం కాదు, దాని సంగ్రహం. దీనినే విద్యాలయాలలో అబ్‌స్ట్రాక్ట్ అని వ్యవహరిస్తున్నారు. నిర్వాహకులు ఆ ఒక్క పుటను చదివి పత్రాన్ని స్వీకరించడమో, నిరాకరించడమో చేస్తారు. నెలల తరబడి సేకరించిన విషయం ఎంత విలువైనదైనా, సంగ్రహం దుర్బలమైతే అది విద్యార్థి పుస్తకంలోనే మిగిలిపోతుంది. ప్రాచ్య విద్యారంగానికి ఈ పద్ధతి కొత్తది కాదు. 1919లో పుణెలో ఆరంభమై, 1941లో హైదరాబాదులోనూ సమావేశమైన అఖిల భారత ప్రాచ్య మహాసభ పత్రసంగ్రహాలను సంపుటాలుగా ప్రచురించే సంప్రదాయాన్ని నెలకొల్పింది. అయినప్పటికీ సంగ్రహ రచనను ప్రత్యేకంగా బోధించడం మన కళాశాలలలో అరుదు. అందుచేత విద్యార్థులు పీఠికనే కుదించి సంగ్రహమని పంపుతుంటారు. దోషం అక్కడే మొదలవుతుంది.

సంగ్రహ స్వరూపం

పీఠిక పాఠకుని విషయంలోనికి ప్రవేశపెడుతుంది. విషయసూచిక ఏయే అంశాలు ఎక్కడ ఉన్నవో తెలుపుతుంది. సంగ్రహం ఈ రెండింటికంటె భిన్నమైనది. పత్రం ఏ ప్రశ్న వేసుకున్నది, ఏ ఆధారంతో పరిశీలించినది, ఏమి తేల్చినది అనే మూడింటినీ అది చెప్పాలి. పత్రం లభించకపోయినా, సంగ్రహం చదివినవానికి పత్రఫలితం తెలియాలి. ప్రచురణలలోని సంగ్రహాల గురించి 1976లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 214 అనే అంతర్జాతీయ ప్రమాణపత్రం కూడా ప్రయోజనం, పద్ధతి, ఫలితం, నిర్ణయం అనే అంశాలనే కోరింది. వైద్యశాస్త్రంలో ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ అనే పత్రిక 1987లో ఈ అంశాలకు వేరువేరు ఉపశీర్షికలు పెట్టే పద్ధతిని ప్రవేశపెట్టింది. భాషాసాహిత్య పత్రాలకు ఉపశీర్షికలు అవసరం లేకపోవచ్చును గాని, అంశాలు మాత్రం తప్పనిసరి.

శాస్త్ర సంప్రదాయంలో పోలికలు

సంస్కృత విద్యార్థికి ఈ సందర్భంలో అనుబంధ చతుష్టయం స్ఫురించడం సహజం. విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటిని గ్రంథారంభంలో తెలుపడం శాస్త్రకారుల ఆచారం. ఇది దేనిని గూర్చి, ఎందుకు, గ్రంథానికీ విషయానికీ గల సంబంధమేమి, ఎవరు చదువదగినవారు అని వీటి తాత్పర్యం. ఇవి ఉత్తమమైన పీఠికకు లక్షణాలు. కాని సంగ్రహానికి ఇవి మాత్రమే చాలవు. అనుబంధ చతుష్టయం గ్రంథం చేయబోయే పనిని తెలుపుతుంది. తేలిన నిర్ణయాన్ని తెలుపవలసిన భారం దానికి లేదు.

సంగ్రహానికి మీమాంసకుల అధికరణం మరింత దగ్గరి ఉపమానం. అధికరణానికి విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి అని ఐదు అంగాలు. పరిశోధన పత్రంలోనూ ఇవే ఉన్నవి. పరిశీలించే వస్తువు విషయం. దానిపై కలిగిన ప్రశ్న సంశయం. ఇదివరకు ప్రచారంలో ఉన్న అభిప్రాయం పూర్వపక్షం. ఆధారాలతో తేలినది సిద్ధాంతం. ఇతర విషయాలతో దానికిగల అన్వయం సంగతి. ఈ ఐదింటికీ ఒకటి రెండు వాక్యాల వంతున కేటాయిస్తే సంగ్రహానికి అస్థిపంజరం సిద్ధమవుతుంది. అనేక సంగ్రహాలలో విషయం విస్తారంగా ఉండి, సంశయం అస్పష్టంగా ఉండి, సిద్ధాంతం పూర్తిగా లోపిస్తుంది. నిర్ణయాన్ని సదస్సు వేదికపైనే వెల్లడించాలని కొందరు విద్యార్థులు దాచిపెడతారు. ఇది కథకు తగునేమో గాని పరిశోధనకు తగదు. పరిశీలకుడు స్వీకరించేది నిర్ణయాన్ని చూసియే.

నిదర్శనం: గని పదజాలం

ఈ లక్షణాలు ఒక విషయంలో ఎట్లా అన్వయిస్తాయో చూడవచ్చు. నస్పూరు గోదావరికి ఉత్తరాన మంచిర్యాలకు చేరువలో ఉన్నది. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనిది. 2016 అక్టోబరు నుండి మంచిర్యాల జిల్లాలోనిది. శ్రీరాంపూరు ప్రాంతపు సింగరేణి గనులు, కార్మికుల కాలనీలు ఈ పరిసరాలలోనివే. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీగా మొదలై 1920లో సింగరేణి పేరు స్వీకరించిన ఈ సంస్థలో 1990ల ఆరంభంలో లక్షకు పైగా కార్మికులుండేవారు. నేడు వారి సంఖ్య అందులో సగానికి తక్కువ. తట్టా చెమ్మస్‌లతో బొగ్గు నింపిన ఫిల్లర్ల స్థానంలో యంత్రాలు వచ్చాయి. ఆ తరం విశ్రాంతి తీసుకుంటున్నకొద్దీ ఆ పనికి సంబంధించిన మాటలు కూడా వాడుక నుండి తొలగుతున్నాయి. కాబట్టి ఈ ఊరి విద్యార్థి తన ఇంటి పెద్దల నోటి నుండి గని పదాలు సేకరించడం సార్థకమైన పరిశోధన.

అట్టి విద్యార్థి మొదట వ్రాయగల సంగ్రహం ఈ విధంగా ఉండవచ్చును. ఇది బోధన కొరకు కల్పించిన నమూనా.

“తెలుగు భాష అతి ప్రాచీనమైనది, మధురమైనది. భాష సమాజానికి దర్పణం. సింగరేణి గనులు తెలంగాణకు కొంగుబంగారం. ఈ ప్రాంతపు కార్మికుల భాషను గురించి ఈ పత్రంలో సమగ్రంగా చర్చించడం జరుగుతుంది. గని పదాలలోని అనేక విశేషాలు వివరించబడతాయి. ఈ పరిశోధన భావితరాలకు ఎంతో ఉపయోగపడుతుంది.”

ఇందులో అసత్యం ఏదీ లేదు. అయినా ఇది సంగ్రహం కాదు. మొదటి మూడు వాక్యాలు ఎవరూ కాదనని సామాన్యోక్తులు. తరువాతి రెండూ వాగ్దానాలు. చివరిది స్వీయప్రశంస. ప్రశ్న లేదు, ఆధారం లేదు, ఒక్క గని పదమైనా లేదు. దీనిని పరీక్షించడానికి సులభమైన ఉపాయం ఒకటి ఉన్నది. ‘సింగరేణి గనులు’ అన్నచోట ‘సిరిసిల్ల మగ్గాలు’ అనీ, ‘గని పదాలు’ అన్నచోట ‘చేనేత పదాలు’ అనీ మార్చి చదవాలి. సంగ్రహం చెక్కుచెదరక నిలిచిందంటే అది ఏ పత్రానికీ చెందనిదన్నమాట. ‘సమగ్రంగా’, ‘అనేక విశేషాలు’, ‘చర్చించడం జరుగుతుంది’ అనే మాటలు సంగ్రహంలో కనిపించినప్పుడల్లా విద్యార్థి ఆగి, ఆ విశేషమేదో ఆ చోటనే చెప్పగలడా అని ప్రశ్నించుకోవాలి.

అదే విషయాన్ని అధికరణ క్రమంలో అమర్చిన నమూనా ఇది.

“శీర్షిక: నస్పూరు, శ్రీరాంపూరు గని కార్మికుల వ్యవహారంలో అన్యదేశ్య పదాల తెలుగీకరణ.

బొగ్గుగని పనులను, పదవులను తెలిపే మాటలలో ఆంగ్ల, ఉర్దూ మూలాలు గలవి విరివిగా ఉన్నాయి. వీటిని సంకరభాషగా తలచడం కద్దు. ఇవి అరువు మాటలుగానే మిగిలాయా, తెలుగు వ్యాకరణానికి లోబడ్డాయా అన్నది ఈ పత్రం పరిశీలించిన ప్రశ్న. నస్పూరు, శ్రీరాంపూరు కాలనీలలోని (…) మంది విశ్రాంత కార్మికుల సంభాషణల నుండి (…) పదాలు సేకరించి, అర్థంతోనూ వాడిన వాక్యంతోనూ నమోదు చేయడమైనది. వీటిలో మూడు మార్గాలు కనిపించాయి. ‘బావి’కి ప్రాంతీయ రూపమైన ‘బాయి’ గని అనే అర్థానికి విస్తరించింది. ‘ఫిల్లరు’, ‘సర్దారు’ వంటివి ఉకారాంతాలై, ‘పేరు–పేర్లు’ వలె ‘ఫిల్లర్లు’, ‘సర్దార్లు’ అని బహువచనం పొందాయి. ‘మస్టరు పడు’ వంటి పదబంధాలలో అన్యదేశ్య నామం తెలుగు క్రియతో కూడి హాజరు నమోదగుట అనే అర్థాన్నిచ్చింది. కావున సేకరించినంత మేరకు, ఈ పదాలు మూలంలో పరాయివైనా రూపనిష్పత్తిలో తెలుగు పద్ధతినే అనుసరించాయి. సేకరణ భూగర్భ గనుల కార్మికులకు పరిమితం. ఓపెన్‌కాస్టు పదజాలం ఇందులో చేరలేదు.”

ఇందులో విషయం, సంశయం, పూర్వపక్షం మొదటి మూడు వాక్యాలలోనే ముగిశాయి. ఆధారం ఒక వాక్యం. అధికభాగం ఫలితానికి దక్కింది. ఫలితాన్ని ఊరక ప్రకటించక, ఒక్కొక్క మార్గానికి ఉదాహరణ చూపడం వలన పరిశీలకునికి విశ్వాసం కలుగుతుంది. చివరి వాక్యం పరిధిని ఒప్పుకొన్నది. పరిధిని చెప్పుకోవడం బలహీనత కాదు. ప్రశ్నలు వేసేవారికి ముందుగానే ఇచ్చిన సమాధానం.

సంఖ్యల స్థానాలు ఈ నమూనాలో ఖాళీగా ఉండడం గమనింపదగినది. సేకరణ పూర్తికాక పూర్వమే సంగ్రహం పంపవలసిన గడువు రావడం తరచుగా జరిగేదే. అప్పుడు ‘ఐదువందల పదాలు’ అని అంచనాగా వ్రాయాలనే ప్రలోభం కలుగుతుంది. అది తగదు. ఆనాటికి లెక్కకు వచ్చినవి ఎనభై పదాలైతే ఎనభై అనే వ్రాయాలి. ‘సేకరణ కొనసాగుతున్నది’ అని చేర్చవచ్చును. అచ్చైన సంగ్రహం చెరగదు. పత్రంలోని సంఖ్యకూ సంగ్రహంలోని సంఖ్యకూ పొంతన కుదరకపోతే, తక్కిన పరిశ్రమ అంతా సందేహాస్పదమవుతుంది. అట్లే మాటలు చెప్పిన వృద్ధుల అనుమతి పొందడం, వారి పేర్లను అనవసరంగా బయటపెట్టకపోవడం సేకర్త ధర్మం.

అపూర్వత

మీమాంసకులు తాత్పర్య నిర్ణయానికి చెప్పిన ఆరు లింగాలలో అపూర్వత ఒకటి. ఇతర ప్రమాణాల వలన ఇదివరకు తెలియనిదానిని తెలుపుట దాని లక్షణం. పత్రానికీ ఇది ప్రాణం. అయితే కొత్తదనాన్ని చాటుకొనుటకు ముందు, పాతది తెలిసి ఉండాలి. వృత్తిపదాల సేకరణలో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మార్గదర్శకం. వ్యవసాయ పదాల సంపుటం 1962లోనూ, చేనేత పదాల సంపుటం 1971లోనూ ప్రచురితమయ్యాయి. తదుపరి ఇతర వృత్తుల సంపుటాలూ వచ్చాయి. ‘తెలుగులో వృత్తిపదాలపై కృషి జరుగలేదు’ అని వ్రాసిన సంగ్రహం, విద్యార్థి గ్రంథాలయానికి వెళ్ళలేదని మాత్రమే తెలుపుతుంది.

గోదావరికి ఆవలి కరీంనగర్ సీమ నుండి మరొక ఉదాహరణ చూపవచ్చును. గంగాధర సమీపంలోని బొమ్మలగుట్టపై పంపకవి సోదరుడు జినవల్లభుడు వేయించిన 10వ శతాబ్ది శాసనం కురిక్యాల శాసనంగా ప్రసిద్ధం. సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడూ అందులో ఉన్నాయి. తెలుగు భాగం కందపద్యాలలో ఉన్నది. ‘కురిక్యాల శాసనంలో తెలుగు కందాలున్నవని ఈ పత్రం నిరూపిస్తుంది’ అని వ్రాస్తే అది సిద్ధసాధనం. పండితులు ఏనాడో తెలిపిన విషయం. ఆ కందాలలోని యతిప్రాసలను నన్నయ కందాలతో పోల్చి, ఏ నియమంలో సామ్యం, ఏ నియమంలో భేదం కనిపించినదో ఒక వాక్యంలో చెప్పగలిగితే, తెలిసిన శాసనం మీదనే తెలియని మాట చెప్పినట్లవుతుంది. వస్తువు కొత్తది కానక్కరలేదు. ప్రశ్న కొత్తదైతే చాలును.

పరిమాణం, భాష

పైన పేర్కొన్న ప్రమాణపత్రం సాధారణ పత్రాలకు 250 మాటలలోపు సంగ్రహాన్ని సూచించింది. తెలుగులో ప్రత్యయాలు పదంతో కలిసిపోవుట వలన ఆంగ్లంలో నాలుగైదు మాటలు పట్టే భావం ‘చెప్పలేకపోయారు’ అన్నట్లు ఒక్క మాటలో ఇముడుతుంది. కావున అదే పరిమితిలో తెలుగు విద్యార్థికి చోటు ఎక్కువ. ఆ చోటును విశేషణాలతో నింపరాదు. సూత్రానికి అల్పాక్షరత్వం, అసందిగ్ధత, సారవత్త్వం లక్షణాలుగా చెప్పబడినవి. వీటిలో సంగ్రహానికి అసందిగ్ధత ప్రధానం. అర్థం చెడేంతగా కుదించడం కంటె ఒక వాక్యం పెంచడమే మేలు.

శీర్షికలో వస్తువూ, ప్రదేశమూ, పరిశీలనకోణమూ కనిపించాలి. ‘ఒక పరిశీలన’, ‘సమగ్ర అధ్యయనం’ అనే తోకలు ఏమీ తెలుపవు. కీలకపదాలు నాలుగైదు చాలును. అవి శీర్షికలోని మాటలకే పునరుక్తి కాకుండా, ఇతరులు వెదుకగల మాటలై ఉండాలి. పై నమూనాకు ‘వృత్తిపదాలు, సింగరేణి, అర్థవ్యాకోచం, బహువచన రూపాలు’ అనేవి తగినవి. ఉదాహరణపద్యాలు, పాదసూచికలు, కృతజ్ఞతలు సంగ్రహంలో చేర్చరాదు.

చివరకు చేయవలసిన పరీక్ష ఉపక్రమోపసంహారాలకు సంబంధించినది. మొదట వేసిన ప్రశ్ననూ, చివర చెప్పిన నిర్ణయాన్నీ మాత్రమే పక్కపక్కన ఉంచి చదవాలి. ఒకటి మరొకదానికి సమాధానం కాకపోతే లోపం సంగ్రహంలో ఉండవచ్చును, పత్రంలోనే ఉండవచ్చును. తరువాత విషయం ఎరుగని సహాధ్యాయికి వినిపించి, పత్రం ఏమి తేల్చినదో చెప్పమని అడగాలి. అతడు ‘గనుల గురించి’ అంటే మళ్ళీ వ్రాయాలి. ‘గని మాటలు తెలుగు వ్యాకరణానికి లోబడ్డాయట’ అంటే సంగ్రహం సిద్ధమైనట్లే.

సంగ్రహ రచన పరిశోధన ముగిసిన తరువాత చేసే అలంకారం కాదు. తేలినదేమిటో కొద్ది వాక్యాలలో చెప్పలేనప్పుడు, ఇంకా తేలలేదని విద్యార్థి గ్రహించాలి. నస్పూరు కాలనీలోని వృద్ధ కార్మికుని నోట విన్న మాట సదస్సుకు చేరి, అచ్చులో నిలవడం ఆ కొద్ది వాక్యాలపై ఆధారపడి ఉన్నది.