అత్త వేషం వచ్చిందని దిగులుపడకు

చింతలపూడి

మనవరాలికి,

ఇరవై రెండేళ్ళకే నీకు అత్తగారి వేషం ఇచ్చారని, కథానాయిక వేషం నీ పక్కమంచం పిల్లకు వెళ్ళిందని ఉత్తరం నిండా ఏడ్చావు. మీ అమ్మయితే ఫోన్ చేసి నాలుగు ఓదార్పు మాటలు చెప్పి ఊరుకుంటుంది. నేను ఈ చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలచేత నాటకాలు వేయించినదాన్ని. నువ్వు నటన నేర్చుకోవడానికని హైదరాబాదు వెళ్ళావు కాబట్టి, నీ ఏడుపుకు జవాబు కూడా పాఠంలాగే ఉండాలి. తీరిక చేసుకుని చదువు.

ముందు ఒక లెక్క చెబుతాను. అత్తగారి వేషాలకు పేరుపడ్డ సూర్యకాంతం గారు కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో 1924 అక్టోబరు 28న పుట్టారు. ఆవిడ మొదటి గయ్యాళి వేషం ‘సంసారం’ సినిమాలోది. అది 1950 చివర్లో విడుదలైంది. అంటే ఇరవై ఆరేళ్ళ మనిషి అత్తగారై కూర్చుంది. ఆ సినిమా తీసిన ఎల్.వి.ప్రసాద్ గారు మన ఏలూరు పక్కన సోమవరప్పాడులో పుట్టినవారు. ‘గుండమ్మ కథ’ వచ్చింది 1962లో. అందులో అల్లుళ్ళుగా వేసిన ఎన్.టి.రామారావు గారు అత్తగారు గుండమ్మగా వేసిన ఆవిడకంటే ఏడాది పెద్ద, నాగేశ్వరరావు గారు నెల పెద్ద. అంతకుముందు 1957లో ‘మాయాబజార్’లో ఆవిడ హిడింబి వేశారు. కొడుకు ఘటోత్కచుడు మన నూజివీడులో పుట్టిన రంగారావు గారు, 1918 నాటి మనిషి. తల్లి కొడుకుకంటే ఆరేళ్ళు చిన్న! ఇన్నేళ్ళలో ఆ సినిమా చూసినవాళ్ళలో ఒక్కరికైనా ఈ తల్లీకొడుకుల వయసు మీద సందేహం వచ్చిందా? కొడుకును చూసుకుని మురిసిపోయే ఆ కళ్ళు చూశాక లెక్కలు ఎవరికి గుర్తుంటాయి? కాబట్టి వయసు అడ్డమన్న మాట ఇక నా దగ్గర ఎత్తకు.

ఆవిడ కూడా అత్తగారిని అవుదామని మద్రాసు వెళ్ళలేదు. చిన్నప్పుడే పాట, నాట్యం నేర్చుకుని హీరోయిన్ కావాలనే వెళ్ళారు. జెమినీ స్టూడియో వారు నెలకు 65 రూపాయలు ఇస్తామంటే చాలదని చెప్పి 75 చేయించుకున్నారని చెబుతారు. అప్పటికి ఆవిడకు పేరూ లేదు, వెనక దన్నూ లేదు. అయినా తన పనికి తనే ధర చెప్పుకున్నారు. ఈ ముక్క కొంగున ముడేసుకో, రేపు నీకు పనికొస్తుంది. 1948లో వచ్చిన ‘చంద్రలేఖ’లో ఆవిడ నాట్యకత్తెల్లో ఒకరు మాత్రమే. తరువాత ‘సౌదామిని’లో కథానాయిక వేషం చేతిదాకా వచ్చింది. అంతలో కారు ప్రమాదంలో ముఖానికి దెబ్బ తగిలి ఆ వేషం పోయింది. హిందీలో ఒక అవకాశం వస్తే, ముందు అనుకున్న నటిని తప్పించి తనకిస్తున్నారని తెలిసి వద్దన్నారని కూడా అంటారు. కోరుకున్నది దక్కనప్పుడు మనిషి రెండు రకాలుగా ఉండవచ్చు. దక్కిన పనిని చిన్నచూపు చూస్తూ రోజులు నెట్టవచ్చు, లేదా ఆ పనిలో తన తరువాతే ఎవరైనా అనిపించుకోవచ్చు. సూర్యకాంతం గారు రెండో దారి పట్టి నలభై ఏళ్ళకు పైగా అందులోనే నడిచారు.

ఇక అసలు పాఠానికి వద్దాం. గయ్యాళి వేషం అంటే గొంతు చించుకోవడమని నీ మనసులో ఉంది. నీ ఉత్తరంలో ‘అరుపుల వేషం’ అని రాశావు కదా, అక్కడే పొరబడ్డావు. ఎప్పుడైనా వీధి కుళాయి దగ్గర తగాదాను శ్రద్ధగా చూశావా? లేకపోతే ఆకివీడు చేపల బజారుకో, కైకలూరు బజారుకో వెళ్ళి ఓ పక్కన నిలబడి చూడు. దెబ్బలాట బాగా తెలిసిన ఆడమనిషి ఎదుటిదానితో మాట్లాడదు. పక్కనున్న మూడోమనిషితో మాట్లాడుతుంది. “వింటున్నావా పిన్నీ, చూశారా బాబూ” అంటూ ముందు సాక్షిని పిలుస్తుంది. గొంతు పెంచేది తరువాత. సూర్యకాంతం గారి నటనలో ఈ ఒడుపు నిలువెల్లా ఉంది. కోడల్ని అంటూ కళ్ళు మాత్రం మరొకరి మీదికి తిప్పుతారు. చాలాసార్లు ఆ మూడోమనిషి హాల్లో కూర్చున్న ప్రేక్షకుడే. అందుకే ఆవిడను తిట్టుకుంటూనే జనం ఆవిడ మాటకు చెవులు అప్పగించేవారు.

ఆ చేతులు కూడా చూడు. ఆవిడ ఎడమచేయి విసురు తెలుగునాట తెలియనివారు లేరు. మిగతా నటులు కుడిచేత్తో చేసే సైగను ఆవిడ ఎడమచేత్తో చేస్తారు. చూసేవాడి కన్ను అక్కడ చటుక్కున ఆగుతుంది. ఆ చేయి అనుకరించమని నేను చెప్పడం లేదు. ఆమెది ఆమెదే. నీ ఒంట్లో నీకు సహజంగా ఉన్న అలవాటు ఏదో కనిపెట్టి దాన్ని పాత్రకు ఇవ్వమంటున్నాను. మాట సంగతికొస్తే, ఎంత వేగంగా వదిలినా ఆవిడ ఒక్క ఒత్తు కూడా మింగరు. వాక్యం చివర క్రియాపదం స్పష్టంగా తెగుతుంది. మీ తరం పిల్లలు వాక్యం చివరకు వచ్చేసరికి ఊపిరి వదిలేస్తున్నారు. తెలుగులో అర్థమంతా చివరి మాటలోనే ఉంటుంది, అది వినబడకపోతే వెనక వరసలోవాడికి ఏమీ అందదు. రోజూ పొద్దున్న అరగంట పాత పద్యాలు పైకి చదువు. రాగం తీయవద్దు, ఊరికే చదువు, చాలు.

‘గుండమ్మ కథ’ను నేను నీకు ప్రత్యేకంగా చూపించాలనుకుంటున్నాను. విజయా వారు అప్పటికి తెలుగులో ఉన్న పెద్ద తారలెందరినో పెట్టి తీశారు. రామారావు గారు, నాగేశ్వరరావు గారు, రంగారావు గారు, సావిత్రి, జమున. రామారావు గారికి అది నూరో సినిమా. ఇంతమందిని పెట్టుకుని బొమ్మకు పేరు మాత్రం గుండమ్మది పెట్టారు. కన్నడంలో ‘మనె తుంబిద హెణ్ణు’ అన్న సినిమా కథను తెచ్చుకుని, డి.వి.నరసరాజు గారు మాటలు రాస్తే, కమలాకర కామేశ్వరరావు గారు దర్శకత్వం చేశారు.

చాలామంది అందులో సవతికూతుర్ని రాచిరంపాన పెట్టే గయ్యాళిని మాత్రమే చూస్తారు. నువ్వు నటివి, గుండమ్మ వైపు నుంచి చూడాలి. భర్త పోయిన ఆడది. ఇల్లూ, ఆస్తీ తన చేతిలో ఉన్నాయి. సలహాలు చెప్పేవాడు గంటయ్య, వాడి ఎత్తులు వాడికున్నాయి. తన కూతురికి మంచి సంబంధం రావాలి. నలుగురూ దోచుకుపోతారన్న భయం. ఆ భయమే నోరుగా మారింది. తను చెడ్డదాన్నని గుండమ్మ ఒక్క క్షణం కూడా అనుకోదు, ఇల్లు నిలబెడుతున్నాననే అనుకుంటుంది. సూర్యకాంతం గారు ఈ నమ్మకాన్ని చివరిదాకా వదలలేదు. తరువాత ఛాయాదేవి గారు గుండమ్మను మించిన గయ్యాళి దుర్గమ్మగా ఇంట్లో అడుగుపెడతారు. అక్కడి నుంచి సూర్యకాంతం గారి భుజాలు చూడు. అంతవరకు విప్పారి ఉన్న మనిషి ఒదిగిపోతుంది. చీర కొంగు పట్టుకునే తీరు మారుతుంది. నిన్నటిదాకా తిట్టుకున్న ప్రేక్షకుడే అయ్యో పాపం అంటాడు. ముందు అంత గట్టిగా అసహ్యం పుట్టించి ఉండకపోతే ఈ జాలికి చోటెక్కడిది? ఒక్క పాత్రలో ఈ రెండూ సాధించడం హీరోయిన్ వేషం కంటే బరువైన పని అని నేను నమ్ముతాను.

కావడికి రెండు వైపులా కుండలు నిండుగా ఉంటేనే మోసేవాడి నడక కుదురుతుంది. సావిత్రి గారి ఓర్పు మనకు అంత లోతుగా కనబడిందంటే, అవతలి వైపు అంత బరువు వేసినవారు సూర్యకాంతం గారు. నీ పక్కమంచం పిల్ల బాగా చేయాలన్నా నువ్వు బాగా చేయాలి. రిహార్సల్లో నీ డైలాగు అయిపోగానే ముఖం దించేసుకోకు. ఆమె మాట నీ మీద పడటం చూసేవాళ్ళకు కనబడాలి. సహాయపాత్రలో సగం పని వినడమే.

ఇంకో సినిమా, ‘తోడికోడళ్ళు’. 1957లో అన్నపూర్ణా వారు తీశారు, ఆదుర్తి సుబ్బారావు గారు దర్శకులు. పెద్ద కోడలు కన్నాంబ గారు, నడిమి కోడలు సూర్యకాంతం గారు, చిన్న కోడలు సావిత్రి గారు. నువ్వు కన్నాంబ గారిని చూడు. 1935లో ‘హరిశ్చంద్ర’లో చంద్రమతి, మరుసటి ఏడు ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’లో ద్రౌపది వేసి దేశాన్ని ఏడిపించిన కథానాయిక ఆవిడ. ‘పల్నాటి యుద్ధం’లో నాయకురాలు నాగమ్మ. అలాంటి మనిషి ఇక్కడ ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలిగా నిండుగా కూర్చుంటారు. ఆ గొంతులో ఒకప్పటి కథానాయిక హుందాతనం ఎక్కడికీ పోలేదు. ఋష్యేంద్రమణి గారూ అంతే. 1935లో ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామ వేసినావిడ, ‘మాయాబజార్’ నాటికి సుభద్ర అయ్యారు, శశిరేఖకు మేనత్త. హీరోయిన్‌గా వెళ్ళినా ఈ గుమ్మం దగ్గరికి ఎవరైనా రావలసిందే. నువ్వు ముందే వచ్చావు, అంతే తేడా.

ఇది మన దగ్గరే ఉన్న సంగతి కాదు. అమెరికాలో థెల్మా రిట్టర్ అనే నటి ఉండేది. సినిమాలో చిన్న వేషంతో మొదటిసారి కనిపించేనాటికి ఆమెకు నలభై అయిదేళ్ళు. ఇంటి పనిమనుషులు, నోరున్న తల్లులు, ఇలాంటి వేషాలే. సహాయనటిగా ఆస్కారుకు ఆరుసార్లు పోటీలో నిలిచింది, ఒక్కసారీ రాలేదు. ఈ రోజు ఆ పాత సినిమాలు చూసేవాళ్ళు ఆమె తెరమీదికి రాగానే సర్దుకుని కూర్చుంటారు. అంతకుముందు హ్యాటీ మెక్‌డానియెల్ అనే నల్లజాతి నటి ‘గాన్ విత్ ద విండ్’లో దాది వేషానికి 1940లో ఆస్కారు అందుకుంది. ఆ బహుమతి పొందిన మొదటి నల్లజాతి మనిషి ఆమే. ఆ రాత్రి విందులో ఆమెను తన తోటి నటుల బల్ల దగ్గర కాకుండా విడిగా కూర్చోబెట్టారు. బహుమతి ఇచ్చిన చోటే ఆ బల్లా వేశారు. ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

మన వైపు అన్యాయం మరో రూపంలో ఉంది. తాడేపల్లిగూడెంలో రేలంగి చిత్రమందిర్ కట్టించిన హాస్యనటుడు రేలంగి గారికి 1970లో పద్మశ్రీ వచ్చింది. పాలకొల్లు అల్లు రామలింగయ్య గారికి 1990లో వచ్చింది. ఇద్దరూ తగినవాళ్ళే, మన గోదావరి జిల్లాలకు గర్వకారణమే. వాళ్ళ పక్కన సమానంగా నిలబడి, ఎన్నో సినిమాల్లో రేలంగి గారికి భార్యగా వేసిన సూర్యకాంతం గారికి 1994 డిసెంబరులో కన్నుమూసేదాకా ఆ గౌరవం దక్కలేదు. ఆవిడ తరువాత ఆడపిల్లలకు సూర్యకాంతం అని పేరు పెట్టడం మానేశారని మనవాళ్ళు నవ్వుతూ చెప్పుకుంటారు. నటిగా అది గెలుపే, ఒప్పుకుంటాను. కానీ మగవాడు దుర్యోధనుడు వేస్తే నటుణ్ణి మెచ్చుకున్నారు, ఆడది గయ్యాళి వేస్తే పేరుకే భయపడ్డారు. సూర్యకాంతం గారు ఇంటి నుంచి వంటలు తెచ్చి సెట్లో అందరికీ పెట్టేవారని తోటి నటులు చెప్పారు. వేషం వేరు, మనిషి వేరు అని జనానికి నేర్పవలసిన పని ఇంకా మిగిలే ఉంది, అది మీ తరం చేయాలి.

నీకు మరొక బాధ్యత కూడా ఉంది. ఆ కాలపు సినిమాల్లో నోరున్న ఆడదాని పొగరు అణిగితేనే కథ సుఖాంతం. ఇప్పుడు నువ్వు అత్తగారిని ఆడేటప్పుడు ఆవిడ నోటికి కారణమేమిటో చూసేవాళ్ళకు తెలియాలి. స్క్రిప్టులో లేకపోతే నువ్వే రాసుకో. ఏ వయసులో కాపురానికి వచ్చింది, అప్పుడు ఆవిడను ఎవరు ఏమన్నారు, ఇనప్పెట్టె తాళం ఎప్పుడు చేతికొచ్చింది. ఇవి ఎవరికీ చెప్పనక్కర్లేదు. నీకు తెలిస్తే నీ నడకలోకి అవే వస్తాయి.

ఇప్పుడు చేయవలసినవి. ‘గుండమ్మ కథ’ ఒకసారి మామూలుగా చూడు. రెండోసారి శబ్దం తీసేసి సూర్యకాంతం గారి చేతులు, భుజాలు మాత్రమే చూడు. మూడోసారి తెర వైపు చూడకుండా మాట మాత్రం విను. ఆ తరువాత అవన్నీ పక్కనపెట్టి నీ అత్తగారిని నువ్వు వెతుక్కో. తెల్లజుట్టు విగ్గు మీద ఆధారపడకు, ముసలితనం నడుములో ఉంటుంది. డబ్బులిచ్చే ప్రదర్శన అయితే నీ పారితోషికం ముందే మాట్లాడుకో, 75 రూపాయల సంగతి గుర్తుందిగా.

వేషం ఒప్పుకుంటున్నానని రేపే మీ డైరెక్టరు గారితో చెప్పు. ప్రదర్శన తేదీ ఖాయం కాగానే రాయి, తాతయ్యా నేనూ ఏలూరు నుంచి రైలుకు టిక్కెట్లు చేయించుకోవాలి.

ఇట్లు,
అమ్మమ్మ