పియానో శ్రుతి: యాప్ కొలిచాక మిగిలే పని

పియానోలో మీటలు 88, తీగలు మాత్రం సుమారు 230. మంద్రస్థాయిలో మీటకు ఒకటో రెండో తీగలుంటే, పైస్థాయిల్లో మూడేసి ఉంటాయి. వీటన్నిటి బిగువు కలిపితే 15 టన్నుల బరువును దాటుతుంది. గాలిలో తేమ పెరిగితే సౌండ్‌బోర్డు కలప ఉబ్బి తీగలు మరింత బిగిసి శ్రుతి పెరుగుతుంది, పొడిగా ఉంటే తగ్గుతుంది. అందుకే ఎండాకాలం సరిచేసిన శ్రుతి వానాకాలానికి మారిపోతుంది.

చెవి వినేదేమిటి?

సెకనుకు 440 సార్లు కంపించే తీగను, 442 సార్లు కంపించే తీగతో కలిపి మోగిస్తే ధ్వని సెకనుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. ఇంటర్ భౌతికశాస్త్రంలో చదువుకునే విస్పందనాలు ఇవే. ఒకే మీటకు చెందిన తీగల మధ్య ఈ ఊగిసలాట దాదాపు ఆగేదాకా నిపుణులు పిన్నును తిప్పుతారు. వేర్వేరు స్వరాల మధ్య మాత్రం కొంత ఊగిసలాటను కావాలనే ఉంచుతారు. ఆధునిక పియానోలో స్థాయిని 12 సమభాగాలు చేస్తారు కాబట్టి, ఉదాహరణకు 220 హెర్ట్జ్ షడ్జమానికి పంచమం కచ్చితంగా 330 హెర్ట్జ్ కాకుండా 329.63 దగ్గర నిలుస్తుంది. అక్కడ నాలుగు సెకన్లకు మూడు విస్పందనాలు వినిపించాలి.

యాప్‌కు కష్టమైన ప్రశ్న

పక్కపక్క మీటల మధ్య అంతరంలో వందో వంతును సెంటు అంటారు. 440 హెర్ట్జ్ దగ్గర అది పావు హెర్ట్జ్. నేటి యాప్‌లు అంతకన్నా సూక్ష్మమైన తేడాలను కూడా పట్టుకుంటాయి. అసలు చిక్కు ఏ అంకెకు సరిచేయాలన్నదే. ఉక్కుతీగకు బిరుసుదనం ఉండటంతో దాని అనుస్వరాలు ఉండాల్సిన దానికన్నా కాస్త పైన పలుకుతాయి. వాటితో కలవాలంటే పైస్వరాలను ఇంకాస్త పైకి, కిందిస్వరాలను ఇంకాస్త కిందికి జరపాలి. ఎంత జరపాలన్నది పియానోను బట్టి మారుతుంది. మంచి యాప్‌లు ముందుగా ఆ పియానో తీగలను విని, దానికి తగిన లెక్క వేస్తాయి.

మరీ కచ్చితత్వం కూడా అన్నివేళలా మేలు కాదు. ఒకే మీట తీగల మధ్య ఒకటి రెండు సెంట్ల తేడా ఉంటేనే శ్రోతలు ఇష్టపడ్డారని 1959లో రోజర్ కిర్క్ ప్రయోగాల్లో తేలింది. అలాంటి చిన్న తేడాలు స్వరం ఎంతసేపు, ఎలా సన్నగిల్లుతుందో నిర్ణయిస్తాయని 1977లో భౌతికశాస్త్రవేత్త గాబ్రియేల్ వైన్‌రైక్ వివరించారు.

పిన్ను తిప్పేదెవరు?

చెక్కలో బిగించిన పిన్ను తిరిగేముందు కాస్త మెలితిరుగుతుంది. తీగ కూడా ఆనుకున్న చోటల్లా ఘర్షణతో పట్టుకుంటుంది. ఆ బిగువు అంతటా సర్దుకోకపోతే, తెరపై అంకె సరిగ్గా ఉన్నా మీటను గట్టిగా నొక్కగానే శ్రుతి జారుతుంది. దీన్ని పసిగట్టేది చేతి అనుభవం.

అమెరికా ఇంజనీరు డాన్ గిల్మోర్ పిన్నుల జోలికి పోని మార్గం ఆలోచించారు. తీగలను ముందే కాస్త ఎక్కువ శ్రుతిలో బిగించి, వాటి గుండా విద్యుత్తు పంపి వేడిచేస్తారు. వేడికి తీగ సాగి శ్రుతి దిగుతుంది. కొలత చూసుకుంటూ కంప్యూటరు విద్యుత్తును తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. ఇది సాధారణ పియానోల్లోకి ఇంకా రాలేదు. వచ్చినా, తీగలను మొదట బిగించడానికి, వేడి సర్దగల హద్దు దాటినప్పుడు మళ్లీ సరిచేయడానికి నిపుణులు రావాల్సిందే.